మందణ్ణ రెండో తూటా

మందణ్ణ ఏ ప్రశ్నకూ వెంటనే బదులు చెప్పేవాడు కాడు. చేతిలోని నూనెగుడ్డను నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచి, ఆ తరువాతనే నోరు విప్పేవాడు. విరాజపేటలో ఒక తుపాకుల దుకాణంలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు మరమ్మతు పని చేశాడు. చూపు తగ్గి ఇంటికి వచ్చేసినా ఆ పని ఆయనను వదలలేదు. ఆయుధాలకు పూజ చేసే కైల్‌పొళ్దు పండుగ దగ్గరపడితే చాలు, మా కొండ చుట్టుపక్కల ఇళ్లలోని తుపాకులన్నీ ఆయన వసారాకు చేరేవి. క్షౌరం కోసం వంతు కాచుకున్న మగవాళ్లలా గోడ వెంబడి వరుసగా నిలబడేవి.

మా కొడవ జాతివాళ్ల ఇళ్లలో తుపాకీకి లైసెన్సు అక్కరలేదు. అది తాతల నాటి హక్కు. ఒక మినహాయింపు పత్రం ఉంటే సరిపోతుంది. ఆ హక్కును గురించి బయట ఎవరు ఏమనుకున్నా, మా ఇళ్లలో తుపాకీ మాట్లాడేది ముఖ్యంగా రెండు సందర్భాలలో. మగబిడ్డ పుడితే ఒక్క గుండు. ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే వెంటవెంటనే రెండు. ఒకటి వినిపిస్తే జనం నవ్వుకుని, తీరిక చూసుకుని వస్తారు. రెండు వినిపిస్తే వరిమడిలో ఉన్నవాళ్లు బురద కాళ్లతోనే బయలుదేరుతారు. చేతిచేతికీ ఫోన్లు వచ్చిన తరువాత కూడా చావు కబురు ఫోనులో చెప్పడమంటే మా పెద్దలకు చిన్నతనంగానే ఉండేది.

అందువల్ల మందణ్ణ తాను బాగుచేసిన తుపాకీని ఇంటి దగ్గర ఎన్నడూ పేల్చి చూడలేదు. పండుగ నాడు ఊరంతా మైదానంలో చేరి కొబ్బరికాయకు గురిపెట్టి కాల్చే పోటీలో మాత్రమే వాటి పనితనం తేలేది.

“ఇక్కడ ఊరికే పేల్చకూడదు టీచరమ్మా,” అనేవాడు. “ఎవరో ఒకరు బయలుదేరి వచ్చేస్తారు. వచ్చినవాళ్లకు ఏం చెప్పను?”

భార్య చోందవ్వ ఆయనకు పూర్తిగా వేరు. ఆమె గొంతు రెండు మళ్ల అవతల ఉన్న మా వంటింట్లోకి వినబడేది. “పెళ్లయిన నాటినుంచీ చూస్తున్నా, ఈయన నా మొహం కన్నా ఆ గొట్టం లోపలే ఎక్కువసేపు చూశాడు,” అని పదిమందిలో ఆయనను ఆటపట్టించేది. ఆయన గుడ్డ మడిచి, “గొట్టం ఎదురు చెప్పదు,” అనేవాడు. ఆమె పగలబడి నవ్వేది.

ఆమె కడుపులో గడ్డ ఉందని మైసూరు వైద్యులు చెప్పింది కొత్త వరి ఇంటికి తెచ్చుకునే పుత్తరి పండుగ వెళ్లిన కొన్ని రోజులకు. కోసినా ప్రయోజనం లేదన్నారు. ఇంటికి తిరిగి వచ్చిన సాయంత్రం చోందవ్వ కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, భర్తను ఒక్కటే కోరింది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“మా అమ్మ పోయినప్పుడు ఎలక్షన్లని తుపాకీ స్టేషన్లో పెట్టారు. మా తమ్ముడు గడప గడపకూ తిరిగి చెప్పాడు. సగం మంది సాయంత్రానికి గానీ రాలేదు. నన్నలా పంపకండి. మన తుపాకీతో రెండు కాల్చండి. వెంటవెంటనే. ఆ చప్పుడు అవతలి కొండకు తగలాలి.”

“సరే,” అన్నాడు మందణ్ణ. ఆ ఒక్కసారి గుడ్డ మడవలేదు.

మార్చి నెలలో ఎన్నికలు ప్రకటించారు. ప్రతిసారిలాగే ఆయుధాలన్నీ పోలీసు స్టేషనులో అప్పగించాలని ఉత్తరువు వచ్చింది. మందణ్ణ తుపాకీని కంబళిలో చుట్టి, నాలుగు తూటాలు సంచిలో వేసుకుని వెళ్లాడు. తూటాల మీద పన్ను పెరిగిన నాటినుంచి ఆయన నాలుగుకు మించి ఇంట్లో ఉంచలేదు. “తుపాకీకి పన్ను, తూటాకు పన్ను. చప్పుడుకు ఇంకా వేయలేదు, సంతోషం,” అనేవాడు.

కానిస్టేబులు కుర్రవాడు రసీదు రాస్తూ, “తాతా, ఈసారి ఓటెవరికి?” అని అడిగాడట.

“దీన్ని తడవకుండా ఉంచేవాడికి.”

తుపాకులు ఉంచే స్టేషను గది రేకుల కప్పు కారుతుందని అందరికీ తెలిసినదే.

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి చోందవ్వ మంచం దిగలేని స్థితికి వచ్చింది. కొడుకు సోమయ్య సైన్యంలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. కోడలు దేవక్కి నిండు నెలలకు దగ్గరవుతూ కూడా పుట్టింటికి వెళ్లకుండా అత్త దగ్గరే ఉండిపోయింది. ఆ పరిస్థితిలో మందణ్ణ ఒక ఉదయం తెల్ల చొక్కా వేసుకుని, పెమ్మయ్య అనే వకీలు దగ్గరకు వెళ్లి, తుపాకీ కోసం కోర్టుకు వెళతానన్నాడు.

పక్కింటి కాళయ్య ఆయనకు వరుసకు అన్న కొడుకు. నోరు ఊరుకోని మనిషి. “కోర్టుకా బాబాయ్? వెళ్లు, వెళ్లు. మీ మనవడు ఓటేసే నాటికి తీర్పొస్తుంది,” అన్నాడు.

“మనవడో మనవరాలో ఇంకా తెలీదు.”

“తుపాకీ వస్తే నువ్వే చెబుతావుగా!”

అర్జీలోని వాక్యాలను నేనే సరిచూశాను. అందులో హక్కును గురించి పెమ్మయ్య రాసినవి మూడు పుటలు. చోందవ్వను గురించి మందణ్ణ చెప్పి రాయించినది ఒక్క వాక్యం. బెంగుళూరులో విచారణ నాడు ఏమి జరిగిందో పెమ్మయ్య మా ఇంటికి వచ్చి చెప్పాడు. ప్రమాదకారులెవరో చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టి తుపాకులు పోగుచేయడం సరికాదని అతడు వాదించాడు. ప్రభుత్వ వకీలు శాంతిభద్రతలన్నాడు. న్యాయమూర్తి అంతా విని, వెనుక బల్ల మీద కూర్చున్న ముసలాయనను చూశాడట.

“తుపాకీ ఇంట్లో లేనందువల్ల మీకు జరిగిన నష్టమేమిటి?”

మందణ్ణ లేచి నిలబడ్డాడు. “ఇంకా ఏ నష్టమూ జరగలేదు స్వామీ. నా భార్య బతికే ఉంది.”

తుది తీర్పు తరువాత ఇస్తామనీ, అంతవరకు ఈ అర్జీదారుడి తుపాకీని, తూటాలను తిరిగి ఇవ్వవలసిందనీ, ఆచారానికి తప్ప దానిని మరి దేనికీ వాడరాదనీ మధ్యంతర ఉత్తరువు వచ్చింది.

మే నెల చివరి వారంలో తుపాకీ ఇంటికి చేరింది. గొట్టాల పైన తుప్పు చెదురుమదురుగా పూసింది. మందణ్ణ రెండు రోజులు కూర్చుని దానిని అద్దంలా చేశాడు. తూటాల సంచి మాత్రం అడుగున తడిసి ఉంది. వాటిని చేటలో పోసి వసారాలో గాలికి పెట్టాడు. ఎండ లేదు, వానలు ముందుగానే పట్టుకున్నాయి. కొత్త తూటాలు కొందామంటే ఫలితాలు వెలువడేవరకు అమ్మకూడదని దుకాణాలకు ఆజ్ఞ.

“ఒకటి కాల్చి చూడరాదా?” అని నేనే అడిగాను.

ఆయన గుడ్డ మడిచాడు. “ఒకటి కాలిస్తే దేవక్కికి కొడుకు పుట్టాడంటారు టీచరమ్మా. రెండు కాలిస్తే...” అని ఆగి, గది వైపు చూశాడు.

లోపలినుంచి చోందవ్వ గొంతు వినిపించింది. సన్నబడింది గాని, అదే గొంతు. “రెండూ కాల్చండి! ఎవరెవరొస్తారో, ఎవరు దొంగ ఏడుపు ఏడుస్తారో బతికుండగానే చూసుకుంటా!”

దేవక్కి నవ్వలేక, ఏడవలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జూన్ మొదటి గురువారం ఉదయం ఎనిమిది గంటలు దాటింది. వాన తెరిపి ఇచ్చింది. నేను పనసగింజల పొట్టు తీస్తున్నాను. కొండ మీదినుంచి గుండు చప్పుడు వినిపించింది. మిగతావన్నీ స్టేషనులో ఉన్నాయి, అప్పుడు చుట్టుపక్కల తుపాకీ ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే. చేతిలో కత్తి అలాగే పట్టుకుని చెవి ఒగ్గాను. పది లెక్కపెట్టాను. ఇరవై లెక్కపెట్టాను. రెండో చప్పుడు రాలేదు.

నేను ఒంటరిగా వంటింట్లో పైకే నవ్వాను. మనవణ్ణి చూసేదాకా చోందవ్వ ఉండాలని మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. బెల్లం కరగబెట్టి, కొబ్బరిపాలు పిండి, పాయసం కాచాను. అంతా కలిపి ముప్పావు గంట పట్టి ఉంటుంది. గిన్నెను గుడ్డతో పట్టుకుని గట్టు మీదుగా బయలుదేరాను.

దారిలో కాళయ్య, అతడి భార్య బోజక్క కలిశారు. అతడి చంకలో బ్రాందీ సీసా ఉంది.

“చూశారా టీచరమ్మా, కోర్టు ఖర్చు వసూలైంది!” అన్నాడు.

“రెండోది వస్తుందేమోనని నా గుండె ఆగిపోయిందక్కా,” అంది బోజక్క. “ఈయన గడియారం పెట్టుకు చూశాడు. రాలేదు. దేవుడున్నాడు.”

“చోందవ్వ పిన్ని ఇక మంచం దిగుతుంది చూడు. మనవడి ముడ్డి కడగడానికైనా దిగుతుంది!”

ముగ్గురమూ నవ్వుకుంటూ ఎక్కాము. వాకిట్లో ఉండగానే కాళయ్య కేకవేశాడు. “ఏం బాబాయ్! ఒక్క తూటాతోనే సరిపెట్టావేం, పిసినారీ! సీసా నేను తెచ్చా, గ్లాసులైనా ఇస్తావా?”

మందణ్ణ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ గొట్టాలను వంచి తెరిచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. పక్కన మెట్టు మీద మూడు తూటాలు వరుసగా ఉన్నాయి. మూడింటి అడుగునా తుపాకీ లోపలి సూది పొడిచిన గుంటలు.

“రెండోది పేలలేదు కాళయ్యా,” అన్నాడు.

మాకు అర్థం కాలేదు. అప్పుడు దేవక్కి గుమ్మంలోకి వచ్చింది. ఆమె కడుపు నిండుగానే ఉంది.

కాళయ్య సీసాను వెనుకకు దాచుకున్నాడు. బోజక్క మెట్టు మీదనే కూలబడింది. నాకు ఆ గిన్నెను ఎక్కడ పెట్టాలో తోచలేదు. వేడికి అరచేతులు చురుక్కుమంటున్నా అలాగే పట్టుకుని నిలబడ్డాను. చివరకు దేవక్కియే వచ్చి, నా చేతుల్లోంచి దానిని తీసుకుని, వాన నీరు పారే కాలువ పక్కన పెట్టింది.

“మిగిలిన మూడూ మార్చి మార్చి చూశాను,” అన్నాడు మందణ్ణ. “ఒక్కొక్కదాన్ని రెండేసి సార్లు. తరువాత కూర్చున్నాను. ఎవరో ఒకరు వస్తారనుకున్నా. ఎవరూ రాలేదు. అప్పుడు తెలిసింది, మీరంతా సంతోషంగా ఉన్నారని.”

కాళయ్య జీపు తీసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. అక్కడ అప్పగించిన తన తూటాలలో రెండు ఇమ్మని బతిమాలాడట. ఉత్తరువులో మందణ్ణ పేరు, మందణ్ణ వస్తువులు మాత్రమే ఉన్నాయని, ఇంకొకరివి ఇస్తే తమ ఉద్యోగాలు పోతాయని చెప్పి పంపేశారు. వానకు ఫోన్లు కూడా పలకడం లేదు. అతడి కొడుకులు ఇద్దరూ కొండ ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు గడప గడపకూ తిరిగి చెప్పారు. కొన్ని ఇళ్లవాళ్లు మొదట నమ్మలేదు. “ఒకటే వినబడింది గదా!” అని ఎదురు ప్రశ్నించారు. అవతలి కొండ మీది బంధువులు వచ్చేసరికి చితి సగం కాలిపోయింది.

ఆ రోజంతా మందణ్ణ కంట నీరు పెట్టలేదు. మూడో రోజు ఆ మూడు తూటాలనూ తీసుకువెళ్లి కావేరిలో వేసి వచ్చాడని దేవక్కి చెప్పింది.

తొమ్మిదో రోజున దేవక్కికి మగబిడ్డ పుట్టాడు. ఫలితాలు వెలువడి, అందరి తుపాకులూ ఇళ్లకు వచ్చేశాయి. కాళయ్య కొత్త తూటా ఒకటి అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. ఈసారి వేళాకోళం ఆడలేదు.

“కాల్చు బాబాయ్. బిడ్డ ఏం చేశాడు?”

మందణ్ణ చాలాసేపు ఆ తూటాను చూశాడు. “వాడిది ముందే పేలింది నాయనా,” అన్నాడు.

పెద్దలు నచ్చజెప్పబోయారు. ఆ బిడ్డ పుట్టుక చప్పుడు లేకుండానే జరిగిపోయింది.

తుది తీర్పు నవంబరులో వచ్చింది. మందణ్ణ గెలిచాడు. ప్రతి ఒక్కరి విషయం విడివిడిగా పరిశీలించి, కారణం చూపితే తప్ప తుపాకీని అప్పగించమని అడగరాదని అందులో రాశారు. పెమ్మయ్య స్వీట్లు పంచాడు. ఊరివాళ్లు సన్మానం చేస్తామన్నారు. “మీవల్లనే తాతా, ఇక మా అందరికీ దారి తెరుచుకుంది,” అని పక్క గ్రామంనుంచి కూడా మనుషులు వచ్చి చెప్పి వెళ్లారు. ఆయన అందరికీ కాఫీ ఇప్పించాడు. దండకు మాత్రం ఒప్పుకోలేదు.

ఆ తరువాతి సంవత్సరం పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నోటీసు రాకముందే మందణ్ణ తుపాకీని తీసుకుని స్టేషనుకు బయలుదేరాడు. అటు నాకూ పని ఉండి, ఆయన వెంట బస్సులో వెళ్లి స్టేషను గడప వరకు నడిచాను.

కానిస్టేబులు లేచి నిలబడ్డాడు. “మీరెందుకు తెచ్చారు తాతా? మీకు కోర్టు ఇచ్చింది గదా. మేం అడగకూడదు కూడా.”

“తెలుసు.”

“మరి ఇంట్లోనే ఉంచుకోండి. మీ హక్కది.”

“హక్కే,” అన్నాడు మందణ్ణ. “అది కావలసిన రోజు వెళ్లిపోయింది నాయనా. రసీదు రాయి.”

కుర్రవాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. అతడు కూర్చుని, నెమ్మదిగా, ప్రతి అక్షరమూ విడివిడిగా రసీదు రాశాడు. మందణ్ణ దానిని చదవకుండానే జేబులో పెట్టుకుని, వచ్చిన బస్సు ఎక్కాడు. ఎన్నికలు ముగిశాక, కారణం చూపి అప్పగించమన్నవాళ్లంతా వెళ్లి తమ తుపాకులు తెచ్చుకున్నారు. ఆయన వెళ్లలేదు.