బాత్‌రూమ్‌లో సుజాత, వాకిట్లో సుజాత

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే ఆపేస్తాను. ఇది నిజంగా జరిగింది... నాకే జరిగింది. అన్నం ముట్టుకుని చెప్పమన్నా చెబుతాను.

మాది కల్లావి అనే ఊరు. హోసూరులో ఫ్యాక్టరీ పని. అద్దె ఇంట్లో నాతోపాటు సుజాత ఉంటుంది. ఆమెది కరీంనగర్ వైపు. సుజాతకు జపాను బొమ్మల కథల పిచ్చి. మాంగా అంటారట. ఆ సాయంత్రం ఒకటి నా చేతిలో పెట్టింది.

"దయ్యాల కథ. ఇది మొదటి భాగం. చదువు, మజా వస్తది."

దాన్ని కుడి నుంచి ఎడమకు చదవాలట. ఆ సంగతి చెప్పలేదు. నేను మన పద్ధతిలో మొదలుపెట్టి, చచ్చినవాళ్లంతా ఒక్కొక్కరే లేచి వచ్చి అన్నం తింటున్నారేమిటా అనుకున్నాను. చూసి చూసి సుజాతే పుస్తకం తిప్పి ఇచ్చింది.

కథ ఇది. మంచు కొండ మీద ఒక ఇల్లు. అన్నా చెల్లెలూ. ఆ కొండ మీద ముఖం లేని దయ్యం. ఎవరి ముఖం కావాలంటే వాళ్ల ముఖం, వాళ్ల గొంతు తెచ్చుకుంటుంది. ఒక రాత్రి అన్న కట్టెలకు పోతాడు. కాసేపటికి తలుపు కొడతాడు. "చెల్లీ, నేనే." చెల్లెలు గడియ మీద చెయ్యి వేస్తుంది. అప్పుడు... వంటింట్లోంచి అన్న గొంతే. "ఎవరు వచ్చింది?"

ఆ బొమ్మ దగ్గర ఉండగా సుజాత నాతో ఏదో అంది. నేను తల ఎత్తకుండానే "ఊ" అన్నాను. మరి కాసేపటికి కరెంటు పోయింది.

బయట వాన. జల్లు కొడుతోందని వీధి తలుపు గడియ పెట్టి, ఫోన్ లైటు వేసుకున్నాను. బాత్‌రూమ్‌లో కొళాయి చప్పుడు. స్నానానికి పోయిందనుకున్నాను.

"సుజాతా, నీళ్లంతా అయిపోగొట్టొద్దే!"

"ఆఁ" అంది లోపల్నుంచి.

అప్పుడు వీధి తలుపు... టక్. టక్ టక్.

"గౌరీ, తలుపు తియ్. నేను."

సుజాత గొంతు.

బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు ఆగలేదు. తలుపు బయట సుజాత. నేను గడియను రెండు చేతులా నొక్కి పట్టుకున్నాను.

"ఎవురు నువ్వు?"

"ఎవరేంది? సుజాతను! పాల ప్యాకెట్‌కు పోయొస్తనని చెప్పిన గదా. నానుతున్న, తియ్యే!"

"సుజాత బాత్‌రూమ్‌లో ఉంది."



"...ఏంది?"

"నువ్వు సుజాతవైతే చెప్పు. మొన్న నేను ఏమి మాడ్చినాను?"

"పప్పు! గిన్నె గూడ మాడ్చినవ్! ఆ గిన్నె నాది!"

సరిగ్గానే చెప్పింది. కానీ ఆ వాసన వీధంతా పోయింది. దయ్యానికి మాత్రం తెలియదా?

ఈ గలాటాకు పక్క పోర్షన్లోంచి ఇంటి ఓనరు మునియమ్మక్క టార్చి పట్టుకుని వచ్చింది. తలుపు సందులోంచి బతిమాలాను.

"అక్కా, ఆమెకు కాళ్లు ఉండాయా చూడు."

తలుపు కింద వెలుగు కదిలింది.

"రెండూ ఉండాయమ్మా. చెప్పులే ఒకటి తక్కువ."

"అది మోరీల కొట్టుకపోయింది!" అని సుజాత ఏడుపు గొంతుతో అరిచింది.

అయినా నేను గడియ తియ్యలేదు. అప్పుడు...

నా వెనుక కొళాయి ఆగింది.

చుక్క... టప్. మళ్లీ... టప్.

బాత్‌రూమ్ తలుపు వెనుక నుంచి, మెల్లగా, సుజాత గొంతే...

"పాపం... తలుపు తియ్యే, గౌరీ. నానుతున్నది."

గడియ ఎప్పుడు తీశానో తెలియదు. ఇద్దరినీ లోపలికి లాగేశాను. "ఆడ... ఆడ ఉంది. తలుపు తియ్యమనింది. నానుతున్నదనింది" అని బాత్‌రూమ్ వైపు చూపించాను.

లోపల గడియ వేసి ఉంది. "ఎవురమ్మా లోపల?" అని మునియమ్మక్క పిలిచింది. ముగ్గురం భుజాలు ఆనించి తోశాం. గడియ ఊడింది.

ఎవరూ లేరు. బకెట్ అంచుదాకా నిండి ఉంది. నేల మాత్రం పొడిగా ఉంది. కిటికీకి కమ్మీలు. పిల్లి కూడా దూరదు.

"గాలికి గడియ పడింటుంది. కొళాయి మీరే వదిలేసింటారు. ట్యాంకులో నీళ్లు అయిపోయి నిలిచింటుంది" అని మునియమ్మక్క తేల్చేసింది. గొంతు సంగతి అడిగితే, "నాకేమీ వినబడలేదమ్మా" అంది. సరే... అయితే తన ఇంటికి మాత్రం పోలేదు. మా ఇద్దరి మధ్య చాప వేసుకుని పడుకుంది.

సుజాత తల తుడుచుకుని, "దయ్యానికున్న జాలి నీకు లేకపాయె" అంటూ తువ్వాలుతో నాకొకటి వేసింది. నవ్వుకున్నాం. కొవ్వొత్తి మాత్రం ఆర్పలేదు.

చాలాసేపయ్యాక సుజాత మెల్లగా పిలిచింది.

"గౌరీ... బయట నేనే 'నానుతున్న' అని మొత్తుకున్న గదా. ఆ కిటికీలకెళ్లి నా గొంతే వినవడ్డదేమో. నువ్వు విన్నదాంట్ల చివర 'ది' ఉండెనా? లేకుంటే అది నేనే."

"ఉండె... అనుకుంటాను."

"మంచిగ యాది చేసుకో."

ఎంత తలచుకున్నా ఆ 'ది' ఉందో లేదో తేలలేదు. ఇప్పటికీ తేలలేదు. సరే, అది సుజాత గొంతే అనుకుని కళ్లు మూసుకున్నాం.

నిద్రపోయిందనుకున్న మునియమ్మక్క, మా మధ్యలోంచి, పైకప్పు వైపు చూస్తూ అంది.

"అట్లయితే... 'పాపం' అనింది ఎవురమ్మా?"

ఆ మాట నేను వాళ్లకు చెప్పానా? చెప్పలేదనే గుర్తు...