వాగు మీద వంతెన వెడల్పు

మైలవరంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆవిడ ఒక ఊరి సర్పంచి. వాళ్ళ వాగు దాటితే తెలంగాణ. వంతెన ఖర్చు చెరిసగం పెట్టుకోమని రెండు ఒడ్ల ఊళ్ళవాళ్ళూ రెండు ప్రభుత్వాలకూ అర్జీలు రాశారట.

"రెండూ ఒకేలా ఉన్నాయేమో కాస్త చూడండి. తేడా ఉంటే తిప్పి పంపేస్తారు" అని కాగితాలు నా చేతికిచ్చింది.

వాళ్ళ అర్జీలో వంతెన వెడల్పు అయిదు మీటర్లు, అవతలి ఊరి దాంట్లో ఏడు. ఆ మాట చెప్పగానే అవతలి సర్పంచికి ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఏడని రాశారేంటి? లారీలు ఎదురెదురుగా వస్తే అయిదు చాలదంటారా? సరే, ఏడే ఉంచండి."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఏడంటే మా వైపు రోడ్డూ వెడల్పు చెయ్యాలి, మా సొంత మామిడితోటలోంచి పోద్దండీ."

"వాళ్ళనే తగ్గించమనకపోయారా?"

"ఆయన చెప్పింది నిజమేగా అండీ" అంటూ నా పెన్ను తీసుకుని, అయిదు కొట్టేసి ఏడు వేసి, పక్కన సంతకం చేసింది.

విజయవాడలో దిగి వెళ్ళిపోయింది. నేను పనిచేసేదీ రోడ్ల ఆఫీసులోనేనని ఆవిడకు చెప్పలేకపోయాను. ఆ వంతెన ఏమైందో తెలియదు. పొంతన లేని అర్జీలు నా బల్ల మీదికొస్తే మాత్రం, ఇప్పుడు తిప్పి పంపకుండా ముందు రాసినవాళ్ళకు ఫోన్ చేస్తున్నాను.