ఖాళీ బస్తాలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మూడేళ్ల కిందట ఇదే చోట నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను. అది తొందరపడి చెప్పిన సాక్ష్యం, ఈ రోజు దాన్ని సరిదిద్దుకోవడానికి వచ్చాను.

నేను నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూకం వేసే మనిషిని. రైతుల బస్తాలన్నీ తూచాను గానీ నన్ను నేను ఏనాడూ తూచుకోలేదు. అప్పట్లో బోధన్‌లో ఉండే నా చెల్లెలు సునందకు కాలేయం పూర్తిగా చెడిపోయింది, కళ్లు పచ్చబడి కడుపులో నీరు చేరింది, ఇంట్లోవాళ్లెవరైనా తమ కాలేయంలో కొంత ఇస్తే తప్ప బతకదన్నారు. మా ఇంట్లో ఆమెకు సరిపోయింది నా రక్తం ఒక్కటే. సంతోషంగా హైదరాబాదు వెళ్తే అక్కడి డాక్టరు పరీక్షలు చూసి, నూట ఆరు కిలోలున్నారు, మీ కాలేయం నిండా కొవ్వే ఉంది, ఇది ఇస్తే ఇద్దరికీ ప్రమాదం, ముందు బరువు తగ్గి రమ్మని పంపేశాడు. నేను తిన్న తిండే నా చెల్లెలి ప్రాణానికి అడ్డం పడిందని తిరిగొచ్చే బస్సులో అర్థమైంది.

అవి ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు. నలభై రోజులూ సాయంత్రం ఒక్క పూటే తిని ఉపవాసం చేశాను, పన్నెండు కిలోలు తగ్గాను, దేవుడు నా కొవ్వును కరిగించి పారేశాడని ఇక్కడ నిలబడి చెబితే మీరందరూ చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత ఇంటింటికీ పిలిచి మాంసం వండి పెట్టారు, నేనూ కాదనలేదు. పరీక్షకు పిలిచింది రెండు నెలల తర్వాత. అప్పటికి తగ్గినదంతా తిరిగొచ్చింది, ఆపరేషన్ ఆగిపోయింది. ఆ సంగతి మాత్రం సిగ్గుపడి సంఘంలో చెప్పలేదు.

ఆ రెండో పరీక్ష రోజే నా పని ఏమిటో అడిగి ఆ డాక్టరు ఇలా చెప్పాడు: "బస్తాల పసుపు తీసేస్తే బస్తా మాయమైతదా? కొవ్వు గూడ గంతే. కొవ్వుకణాలు చిన్నగైతయి గని పోవు, మళ్ల నింపితే మళ్ల నిండుతయి. వాటిల పట్టనంత అయితే కొవ్వు పోయి కాలేయంల చేరుతది. మెల్లగనే తగ్గుండ్రి, కాలేయంల కొవ్వయితే ముందుగాల పోతది. తగ్గినంక గూడ ఆపకుండ్రి."

ఆపరేషన్ ఆగిందని చెప్పడానికి బోధన్ వెళ్తే, పడుకున్న చోటి నుంచే సునంద అంది, "అన్నా, తగ్గింది అందరికి చెప్పినవ్ గద, పెరిగింది గూడ చెప్పు." కోపంగా కాదు, ఓపిక లేని గొంతుతో అంది. నేను బయటికొచ్చి ఏడ్చాను.

ఆ రోజు ఇలా ప్రార్థించాను: "ప్రభువా, నా ఆకలి తీసెయ్యమంటలేను. ఇంకొంచెం ఏసుకో అంటే చెయ్యి అడ్డం పెట్టే ధైర్యం ఇయ్యి."

జవాబు ఒక్క రోజులో రాలేదు, రోజూ కొంచెం కొంచెంగా వచ్చింది, జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, చక్కెర లేని చాయ, యార్డుకు నడక, బోధన్ వెళ్లినప్పుడు చెరకురసం బండి ముందు తల వంచుకుని పోవడం. ఐదు నెలలకు పదిహేను కిలోలు తగ్గాను, స్కానింగులో కాలేయం శుభ్రపడిందన్నారు, ఆపరేషన్ జరిగింది. నాలోంచి తీసినంత భాగం మళ్లీ పెరిగింది, ఆమెకు పెట్టింది ఆమెలో పనిచేస్తోంది. దేవునికే మహిమ.

సునంద ఈ రోజు మూడో వరుసలో కూర్చుంది. ఆమె చెప్పమన్నది చెప్పడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. ఇంకొకటి, ఈ మధ్య మళ్లీ నాలుగు కిలోలు పెరిగాను. ఆ బస్తాలు నాతోనే ఉన్నాయి, దేవుడు నన్ను ఒక్కసారి విడిపించి వదిలెయ్యలేదు, ప్రతి పూటా విడిపించాల్సి వస్తోంది. మీలో ఎవరైనా ఒకసారి గెలిచి, మళ్లీ పడి, సిగ్గుతో దాక్కుని ఉంటే ఆయన్ని నమ్మి రండి, రెండోసారి వచ్చినవాణ్ణి కూడా ఆయన పంపెయ్యలేదు.

ఆరాధన అయ్యాక ప్రేమవిందు ఉంది, నేనూ కూర్చుంటాను. ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అది నా ప్రార్థన అనుకుని, గరిటె వెనక్కి తీసుకోండి.