అడుగు లెక్క

ఎత్తయిన భవనాలకు బయటి రంగులు వేయించే ఆమెను పనివాళ్లంతా మేస్త్రమ్మ అనేవారు. భర్త పోయాక ఆయన తాళ్లు, వేలాడే పలకలు, ఏడుగురు మనుషులు ఆమె చేతికి వచ్చారు. బయటి గోడల పని ఏడాదిలో నాలుగు నెలలే. వానలూ మంచూ తగ్గి గోడ తడి ఆరాక మొదలుపెట్టి, మళ్లీ మబ్బు పట్టేలోగా ముగించాలి. ఆ నాలుగు నెలల కూలితోనే అందరూ ఏడాదంతా ఈదుకురావాలి.

ఆమె ఇచ్చేది రోజు కూలి. పని నిదానంగా సాగేది. అందరూ బాబాయ్ అని పిలిచే ముసలి పనివాడు పొద్దున్నే మేడ ఎక్కి, ప్రతి తాడునూ మూరమూరా వేళ్ల మధ్య లాగి చూసేవాడు. పిట్టగోడ అంచుకు ఒరుసుకోకుండా తాడు కింద గోనెపట్టా మడిచి పెట్టేవాడు. ఆయన "ఊఁ" అంటేగాని ఎవరూ పలక మీద కాలు పెట్టేవారు కాదు. దానికి అరగంట పట్టేది. ఆ అరగంటా మిగిలినవాళ్లు టీ తాగుతూ, ఒకే పలక మీద పనిచేసే బావా బావమరుదుల వేళాకోళం వింటూ కూర్చునేవారు.

"మావాడు గోడకేసే రంగు కన్నా ఒంటికి పూసుకునేదే ఎక్కువ" అనేవాడు బావ.

"అక్కనిచ్చిన పాపానికి ఇంకేం వినాలో!" అనేవాడు బావమరిది.

ఆ ఏడు ఆరంతస్తుల భవనం ఒకటి దొరికింది. యజమాని నలభై రోజుల గడువు పెట్టాడు. ఇరవై గడిచినా పనిలో మూడోవంతు కూడా కాలేదు. పైగా పడమట అప్పుడే మబ్బులు కనిపిస్తున్నాయి. లెక్కలు చూసే తమ్ముడు మేస్త్రమ్మ దగ్గర కూర్చున్నాడు.

"అక్కా, రోజు కూలి ఇస్తే రోజే గడుస్తుంది, గోడ గడవదు. చదరపు అడుగుకింత అని కట్టు. ఎవడి సత్తా వాడిది."

"తన్నుకు చస్తారేమోరా."

"తన్నుకోడానికి తీరికెక్కడ ఉంటుంది?"

ఆమెకూ అది నిజమే అనిపించింది. మర్నాటి నుంచి అడుగు లెక్క మొదలైంది.

మొదటి వారం గోడ పరుగెత్తింది. యజమాని మెచ్చుకున్నాడు. పనివాళ్ల చేతుల్లో ఎన్నడూ లేనంత డబ్బు ఆడింది. రెండో వారంలో ఆమె ఒక సంగతి గమనించింది. గోడ మీద మాటే లేదు. బ్రష్షుల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. టీ గ్లాసుల్లో మీగడ కట్టి చల్లారిపోతోంది. తాగితే దిగాల్సి వస్తుందని ఎవరూ నీళ్లు కూడా ముట్టడం లేదు. కిటికీ పైభాగం ఎవరి లెక్కలోకి వస్తుందని బావా బావమరుదులు పొద్దంతా గొణుక్కుని, సాయంత్రం చెరో దారిన ఇంటికి వెళ్లారు.

ఒకరోజు బాబాయ్ ఆమె దగ్గరికి వచ్చాడు.

"తాళ్లు చూసినందుకు నాకు అడుగులేవి తల్లీ?"

ఆమె తమ్ముడి వైపు చూసింది.

"బాబాయ్ కూడా బ్రష్షు పట్టొచ్చుగా. తాళ్లు ఈ ఏడే మార్చాంగా?" అన్నాడు తమ్ముడు.

ఆమె మళ్లీ రంగు కలపడంలో పడింది. బాబాయ్ బ్రష్షు పట్టాడు.

గడువుకు మూడు రోజులుందనగా, మధ్యాహ్నం గాలి మళ్లింది. నేల మీది దుమ్ము లేచి తడి రంగుకు అంటుకుంది. కింద రంగు కలుపుతున్న మేస్త్రమ్మ తలెత్తి కేకేసింది.

"దిగండి! అందరూ దిగండి!"

పలకలు ఊగుతున్నాయి. ఒక్కడూ కదల్లేదు. పక్కవాడు దిగుతాడేమోనని ప్రతివాడూ చూస్తున్నాడు.

"ఈ కిటికీ చుట్టూ ఒక్కటే అక్కా!" అని నాలుగో అంతస్తు నుంచి బావమరిది అరిచాడు.

"కూలి పోతే పోనీ, నేనిస్తాను, దిగరా!"

ఆ మాట గాలికి కొట్టుకుపోయిందో, విన్నా నమ్మలేదో. తాడు తెగిన చప్పుడు చిన్నదే, ఎండుపుల్ల విరిగినట్టు. పలక ఒకవైపు ఒరిగింది. బావ కిటికీ ఊచలు పట్టుకుని వేలాడాడు. బావమరిది సైకిళ్ల రేకుల షెడ్డు మీద పడి, రేకుతో పాటు నేలకు వచ్చాడు.

ప్రాణం దక్కింది. నడుము పోయింది.

మేస్త్రమ్మ మేడ మీదికి వెళ్లి చూసింది. తెగిన తాడు కింద గోనెపట్టా లేదు. బాబాయ్ ఆమె వెనకే నిలబడ్డాడు.

"నేను చూడలేదు తల్లీ. ఆ పొద్దున నాకు డెబ్బై అడుగులు వచ్చాయి."

ఆస్పత్రి ఖర్చుకు పలకలు సగం అమ్మింది. తమ్ముడికి ఇంకో పని చూసుకోమంది.

మరుసటి ఏడు మళ్లీ రోజు కూలే అంది. తాళ్లు చూడటమే ఒక మనిషి పూర్తి పని అని, దానికి అందరితో సమానంగా కూలి అని చెప్పింది. బాబాయ్, ఇంకో ఇద్దరు వచ్చారు. బావ రాలేదు. ఆమే వాళ్లింటికి వెళ్లింది. బావమరిది గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అతని అక్క వీపుకు తడిగుడ్డ అద్దుతోంది. అడుగు లెక్కన ఇచ్చే వేరే మేస్త్రీ దగ్గర చేరానని బావ చెప్పాడు.

"చూసింది చాలదా నీకు?" అంది మేస్త్రమ్మ.

"చూశానక్కా. కానీ ఇప్పుడు రెండిళ్లూ నా మీదే. రోజు కూలితో ఎలా గడుస్తాయో నువ్వే చెప్పు."

బయట ఎవరో అతన్ని పిలిచారు. అతను టీ గ్లాసు అలాగే వదిలేసి, బ్రష్షుల సంచి భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు.