ఇరవై ఒక్క రూపాయల గుమ్మడికాయ

“ఆ గుమ్మడికాయ నువ్వు తినటానికి కొన్నావా, రూతమ్మ తినకూడదని కొన్నావా?”

1946 నవంబరులో, మాచర్లలో పశువుల బేరం చేసే మీరా సాహెబ్ ఆదెమ్మను నిలబెట్టి అడిగిన మాట ఇది. ఆయన కోపంలో న్యాయముంది. ఆదెమ్మ కోసం ఒక ఆడగాడిదను మూడు వారాలుగా ఎవరికీ అమ్మకుండా ఆపి, మేత తానే వేస్తున్నాడు. ఆ గాడిద కోసం దాచిన డబ్బు గుమ్మడికాయ కింద ఖర్చయిందని బజారులో విన్నాడు. ఆదెమ్మ ఆ రోజు జవాబు చెప్పలేదు. చెప్పటానికి మరో నాలుగు రోజులు పట్టింది.

ఆదెమ్మ సున్నం అమ్మేది. బట్టీ దగ్గర గంపకెత్తుకుని, చుట్టుపక్కల ఊళ్ళకు నడిచి, గోడలకు వెల్ల వేసుకునేవాళ్ళకు కొలిచి ఇచ్చేది. మొగుడు పోయి ఆరేళ్ళు. గంప మోసి మోసి మెడ ఒక పక్కకు వాలింది. గాడిద ఉంటే నాలుగు గంపలు ఒక్కసారే పోతాయి, మెడ నిలుస్తుంది. అందుకని రెండేళ్ళపాటు కారం మెతుకులు తిని, పద్దెనిమిది రూపాయలు కుండలో వేసింది. గాడిద వెల కూడా సరిగ్గా అంతే.

రూతమ్మ ఆమె తోడికోడలు, చిన్నది. పక్క ఇల్లు. మొగుడు బాబూరావు మిలిటరీలో ఉన్నాడు. నెలనెలా మనియార్డరు వచ్చేది. పోస్టుమాను సైకిలు గంట వినపడితే ఆదెమ్మ చేతిలో పని ఆగిపోయేది. ఆ గంట తన గడప ముందు ఒక్కసారైనా ఆగకుండా పోవటం ఆమె లెక్కలో పెద్ద అన్యాయం. రూతమ్మకు నల్లగొడుగు ఉంది. చర్చి గుళ్ళో ముందుచాప మీద చోటుంది. చందాలిచ్చినవాళ్ళ పేర్లు చదివేటప్పుడు రూతమ్మ పేరు మొదట వచ్చేది, ఆదెమ్మ పేరు చివర్న, జనం లేచి చెప్పులు వెతుక్కునేటప్పుడు వచ్చేది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుంటే ఆదెమ్మ ఒక కన్ను తెరిచి, కానుకసంచిలో రూతమ్మ ఏం వేసిందో చూసేది. అర్ధరూపాయి కనపడితే ఆ పూట అన్నం దిగేది కాదు.

ఆ ఏడు కోతపండుగ వచ్చింది. పంటలో మొదటిది గుడికి తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాళ్ళు క్రిస్మసు లోపల డబ్బు కడితే చాలు. ఆదెమ్మకు చేను లేదు. ఇంటికప్పు మీద పాకిన తీగకు కాసిన గుమ్మడికాయ తెచ్చింది. సంతలో దాని వెల నాలుగణాలు.

బడిపంతులు ధనుంజయరావు సంఘానికి కోశాధికారి, వేలం పాడించేదీ ఆయనే. కాయ పైకెత్తగానే రూతమ్మ అంది: “అక్క కాయ, పాపం. రూపాయి.”

రూపాయి మాట ఎలాగున్నా, ‘పాపం’ మాట ఆదెమ్మకు గుచ్చుకుంది. తన కాయ రూతమ్మ కూరలో ఉడకటం, ఆ కూర గిన్నె జాలిగా తన గడపకు రావటం కళ్ళకు కట్టింది. “రెండు” అంది.

పంతులు నవ్వాడు. “నీ కాయే గదమ్మా ఇది?”

“నాదైతే పాడగూడదా?”

రూతమ్మ మూడంది. ఐదుదాకా జనం నవ్వారు. పన్నెండు దగ్గర నవ్వులాగిపోయాయి. రూతమ్మ ఇరవై అన్నది. ఆదెమ్మ ఇరవై ఒకటి అన్నది. రూతమ్మ గొడుగు మడుచుకుంటూ, “తీసుకోనీ” అని ఊరుకుంది.

క్రిస్మసుదాకా గడువుంది గదా. ఆదెమ్మ అక్కడే ఆగి ఉంటే ఏదో దారి దొరికేది. కాని బాకీదారని రూతమ్మ అంటుందన్న ఊహనే ఆమె తట్టుకోలేకపోయింది. ఇంటికి పోయి కుండ పగలగొట్టి, పద్దెనిమిది రూపాయలు తెచ్చి, అందరూ చూస్తుండగా పంతులు ముందు పోసింది. మూడు తక్కువ. ఆ మూడూ పుస్తకంలో రాయించింది. గుమ్మడికాయను వారం రోజులు తిన్నది. రూతమ్మ పెరట్లో ఒక్కటైనా మొలుస్తుందేమోనని గింజలు కూడా వేయించుకుని తినేసింది.

సాహెబు ప్రశ్న గురువారంనాడు పడింది. ఆదివారం పాస్టరు ఐజాకు గారు బైబిల్లో, తనకున్న రెండు కాసులూ కానుక వేసిన బీద విధవరాలి కథ చెప్పి, మన మధ్య కూడా అలాంటి తల్లి ఉందని ఆదెమ్మ వైపు వేలు చూపించారు. రెండేళ్ళుగా ఏ పొగడ్త కోసం ఆమె ఒంటికన్నుతో ప్రార్థన చేసిందో ఆ పొగడ్త వచ్చింది. రూతమ్మ ముఖం కూడా మాడింది. ఆదెమ్మ చూసింది కూడాను. అయినా మెడ నొప్పి పెడుతూనే ఉంది.

ఆమె లేచి నిలబడింది. “అయ్యగారూ, అది దేవుడికియ్యలేదు. రూతమ్మ తినగూడదని పాడినా. అది నా గాడిద డబ్బు. నాకియ్యండి.”

“దేవుడికిచ్చింది మళ్ళా అడగటమేందమ్మా?” అన్నాడు పంతులు.

“దేవుడికియ్యలేదనే గదయ్యా చెప్తన్నా.”

జనం గుసగుసలు పోయారు. ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అని వెనకచాపల మీద ఆడవాళ్ళు మెచ్చుకోవటం రూతమ్మ చెవిన పడింది. ఆమె కూడా చివాలున లేచింది. “నేను మాత్రం దేవుడి కోసం పాడానా? తప్పు ఒప్పుకోటంలో గూడా ఈమే ముందుండాలంటది.”

ఐజాకు గారు బైబిలు మూశారు. తర్వాత గాడిద వెల ఎంతని అడిగారు. సంపాదనలో దేవుడికివ్వాల్సిన పదో భాగం గురించి ముప్పై ఏళ్ళు ప్రసంగించానని, మిగతా తొమ్మిది భాగాలూ ఎట్లా వాడాలో ఒక్కసారీ చెప్పలేదని అన్నారు. ఆయన చేసిన ప్రసంగాలన్నిటిలోకీ పొట్టిదీ, పనికొచ్చేదీ అదే. పద్దెనిమిదీ ఆ పూటే తిరిగి ఇప్పించారు. పాట మాత్రం పాటేనన్నారు: ఇరవై ఒకటీ నెలకు రూపాయి చొప్పున కట్టాలి.

సోమవారం పొద్దున ఆదెమ్మ సాహెబు దగ్గరికి పోయి, ముందు ఆయన ప్రశ్నకు జవాబు చెప్పింది: “తినగూడదనే కొన్నా, సాయిబూ.” తర్వాత డబ్బిచ్చింది. ఆయన మేత ఖర్చు అడగలేదు. గుమ్మడికాయ ముక్క ఒకటి మిగిలిందా అని మాత్రం అడిగాడు.

గాడిద వచ్చాక ఆదెమ్మ కారంపూడిదాకా తిరిగి సున్నం అమ్మింది. మెడ కొంత నిలబడింది. అసూయ తగ్గిందని ఎవరూ అనుకోవద్దు. పోస్టుమాను గంటకు ఆమె చెయ్యి ఇంకా ఆగేది. గాడిదను కావాలనే రూతమ్మ వాకిటి ముందునుంచి తోలుకుపోయేది. నెల తప్పకుండా రూపాయి కట్టి, 1948 జూనుకు పద్దెనిమిది తీర్చింది. అక్కడ ఆపేసింది. పై మూడు రూపాయలూ రూతమ్మ పాటవల్ల పెరిగినవి గనుక ఆమెనే అడగమంది. కాయ ఎవరు తిన్నారో వాళ్ళనే అడగమని రూతమ్మ అంది.

1949 ఆఖరుకు సంఘం పుస్తకంలో ఆదెమ్మ పేరు మీద మూడు రూపాయలు బాకీ ఉన్నాయి.