ఏసీ ఆపింది రాజన్న బావ కాదు

ఎనిమిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మొదట్లో చాలా బరువుగా ఉండేది. తర్వాత తర్వాత అలవాటైపోయింది. దాన్ని మరిచిపోయాననే అనుకున్నాను. పోయిన నెల మా మేనల్లుడు రమేష్ ఊరి నుంచి ఫోన్ చేశాక తెలిసింది, నేను ఏమీ మరిచిపోలేదని.

ఆ ఫోన్ వల్లే ఇది రాయాల్సి వచ్చింది. వాళ్ళ నాన్న రాజన్న, అంటే మా అక్క భర్త, నాకు బావ, ఈమధ్య మాటలు మరిచిపోతున్నాడట. రమేష్ కరీంనగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఈ మరుపు ఎప్పటి నుంచి అని డాక్టరు అడిగితే బావే జవాబు చెప్పాడట. రమేష్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: "దుబాయ్ల ఉన్నప్పటిసంది సార్ అన్నడు మామా. ఏసీ బంద్ జేసిన, జేసినట్టు యాదికే లేదు, మా బామ్మర్ది చూసిండు గాబట్టి తెలిసింది, గప్పుడే షురువైంది అన్నడు. డాక్టర్ తలూపిండు."

ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఊళ్ళో అది దుబాయే. దాన్ని వదిలేయండి. మిగిలినది వదలలేను. ఆ డాక్టరు ఒక మనిషి జబ్బును మొదటి రోజు నుంచి లెక్క కట్టుకుంటున్నాడు. ఆ మొదటి రోజు నేను కల్పించింది. బావకు ఇప్పుడు మతిమరుపు ఉందో లేదో నాకు తెలియదు. కానీ ఆ రోజు ఆయన దేన్నీ మరిచిపోలేదు. మరిచిపోవడానికి ఆయన చేసిందేమీ లేదు.

మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పడం తేలిక.

నా చదువు పదో తరగతితో ఆగింది. దోహాకు వచ్చి పడవలు బాగుచేసే వర్క్‌షాపులో చేరాను. ఫైబర్ గుడ్డ పరిచి, జిగురు తాపి, ఎండాక గరుకు కాగితంతో రాకడం. ఆ పని నిమల్ అనే శ్రీలంక పెయింటరు నేర్పాడు. సెలవు దొరికితే నేను లైబ్రరీకి పోయేవాణ్ణి. అక్కడ చల్లగా ఉంటుందని మొదటిసారి వెళ్ళాను, ఆ మాట దాచను. తర్వాత పుస్తకాల కోసమే వెళ్ళాను. రెక్కకు గాలి ఎలా దన్ను ఇస్తుందో, ఏ జిగురు ఎంత వేడికి ఎలా మారుతుందో, డిక్షనరీ పక్కన పెట్టుకుని పేజీ పేజీ చదివాను. మేముండే లేబర్ క్యాంపులో ఇంకెవరికీ తెలియని సంగతులు నాకు తెలుసన్న గర్వం ఉండేది. ఇప్పటికీ ఉంది. అది ఎంత చేటు చేసిందో తెలిశాక కూడా పోలేదు.

ఆ గర్వాన్ని గుర్తించిన మొదటి మనిషి అబూ ఖాలిద్. ఉద్యోగం నుంచి దిగిపోయిన ఖతరీ పెద్దమనిషి. అల్ రయ్యాన్ దాటాక ఆయనకు తోట ఉంది, తోటలో ఒక పెద్ద రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఆయన నలుగురు కూర్చునే విమానం కట్టుకుంటున్నాడు. విమానం ఎవరైనా ఇంట్లో కట్టుకుంటారా అని మీకు అనిపించవచ్చు. కట్టుకుంటారు. ముక్కలన్నీ పెట్టెల్లో వస్తాయి, బిగించడం మన పని. రేకు పని ఆయన సొంతంగా చేసుకున్నాడు. క్యాబినూ తలుపులూ ఫైబర్‌వి, అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. వర్క్‌షాపులో మాట్లాడి నన్ను తెచ్చుకున్నాడు. తలుపులను అదిమి పట్టడానికి చెక్క బిగింపులు చేసే వడ్రంగి కావాలంటే నేనే రాజన్న బావ పేరు చెప్పాను. బావ ఒక కంపెనీలో సెంట్రింగ్ వడ్రంగి. కంపెనీతో మాట్లాడి ఆయనను ఇప్పించుకున్నారు.

నేను చదివింది చెబుతుంటే అబూ ఖాలిద్ వింటూ కూర్చునేవాడు. నన్ను "ముహందిస్" అనేవాడు. అంటే ఇంజనీరు. ఆ మాట వినడానికే నేను పొద్దున లేచి పనికి పోయిన రోజులున్నాయి. బావ మాత్రం నవ్వేవాడు. "మా బామ్మర్ది పుస్తకం జూడంది పప్పుల ఉప్పు గూడ ఎయ్యడు" అనేవాడు, అదీ నా ముందే. మళ్ళీ అదే మాట వచ్చీరాని హిందీలో అబూ ఖాలిద్‌కు చెప్పేవాడు.

ఆ తలుపుల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసింది ఎంత పెద్దదో మీకు తెలియదు. ఒక్కో తలుపు రెండు డొప్పలు. బయటి డొప్ప, లోపలి డొప్ప. వాటిని వేరుశనగ కాయలా కలిపి అతకాలి. బల్ల మీద పెట్టి అతికితే పనికిరాదు. క్యాబిన్ మీద తలుపు కూర్చునే చోటే కూర్చోబెట్టి, ఆ వంపుకు అదిమి పట్టి, జిగురు గట్టిపడేదాకా అలాగే వదిలేయాలి. అప్పుడు తలుపు ఏ ఆకారంలో ఉంటే ఇక జన్మంతా అదే ఆకారం. వంకరగా గట్టిపడితే గొళ్ళెం మేకు రంధ్రంలోకి పూర్తిగా దిగదు. ఇంటి తలుపు వంకరైతే లోపలికి గాలి వస్తుంది. విమానం తలుపు వంకరైతే తలుపే గాలికి పోతుంది.

అది ఆగస్టు నెల. ఆ నెలలో రేకుల షెడ్డు లోపల ఎలా ఉంటుందో గల్ఫ్‌లో పని చేసినవాళ్ళకు చెప్పక్కరలేదు. వేడికి జిగురు ముందు నీళ్ళలా పలచబడి జారిపోతుంది, తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. పలచని డొప్పలు కూడా మెత్తబడి వంగుతాయి. ఇదంతా నేను చదివాను. చదివి ఇద్దరికీ ఉపన్యాసం ఇచ్చాను. రేపు పొద్దుటిదాకా ఏసీ ఆగకూడదు, ఎవరూ స్విచ్చు ముట్టుకోకూడదు, అని వేలు చూపించి మరీ చెప్పాను. నేనే చెప్పాను. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ చెయ్యి ఆగిపోతుంది.

శుక్రవారం పొద్దున ఎడమ తలుపు అతికాం. అబూ ఖాలిద్ జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు. మేం అల్ ముంతజాలో మనవాళ్ళ మెస్సుకు అన్నానికి బయలుదేరాం. బావ నీళ్ళ క్యాను, సామాన్లు పికప్‌లో పెడుతూ లోపలికీ బయటికీ తిరుగుతున్నాడు. లోపల చివరగా ఉన్నది నేను. గ్లౌజులు ఇంకా తీయలేదు. బయటికి వచ్చాను. తర్వాత బావ వచ్చి బయటి నుంచే షట్టరు గుంజి తాళం వేశాడు.

మా క్యాంపులో ఒక అలవాటుంది. గదిలోంచి చివరగా వచ్చేవాడు ఏసీ ఆపాలి. ఖాళీ గదిలో ఏసీ నడుస్తుంటే క్యాంప్ బాస్ గదిలో అందరినీ తిడతాడు, మళ్ళీ చూస్తే ఫ్యూజే పీక్కుపోతాడు. ఏళ్ళ తరబడి అలా ఆపీ ఆపీ, గుమ్మం దాటుతుంటే చెయ్యి దానంతట అదే స్విచ్చు మీదికి పోతుంది. ఆ రోజూ పోయింది. నా చెయ్యి. చదివిందంతా తలలో ఉంది. చెయ్యికి దాని సంగతి తెలియదు.

తిని, పికప్‌లోనే కాస్త కునుకు తీసి, వెనక్కి వచ్చేసరికి షెడ్డు ముందు అబూ ఖాలిద్ కారు ఉంది. తాళంచెవి బావ దగ్గరే ఉంటుంది కాబట్టి ఆయన బయటే ఆగాడు. బావ షట్టరు ఎత్తగానే వేడి ముఖాన కొట్టింది. తలుపు అంచు కింది నుంచి జిగురు జారి నేల మీద చిన్న మడుగులా గట్టిపడి ఉంది. వెనక మూల క్యాబిన్‌ను వదిలేసి వేలు దూరేంత పైకి లేచింది.

నేను తలుపు వైపు పోలేదు. స్విచ్చు వైపు పోయాను. దాని మీద తెల్లటి జిగురు మరక ఉంది. బావ జిగురు ముట్టుకోడు, ముట్టుకుంటే ఆయన చేతులకు దద్దుర్లు లేస్తాయి. అది నా గ్లౌజు మరక.

స్విచ్చు నా వెనక దాగేలా గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"ఏసీ కోన్ బంద్ కియా?" అన్నాడు అబూ ఖాలిద్, ఏసీ ఎవరు ఆపారని. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

బావ నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, నేను గాని బంద్ జేసిన్నా?"

ఆయన నన్ను అనుమానించలేదు. తన మీద తనకే అనుమానం వచ్చి నన్ను అడుగుతున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

"షట్టర్ గుంజింది నువ్వే కద బావా" అన్నాను.

"షట్టర్ గుంజిన. అది ఎర్కనే. మరి ఏసీ?"

"క్యాంపు అలవాటు బావా. మనకు తెల్వకుంటనే చెయ్యి పోతది."

"పోతది, నిజమే." కాసేపు తన అరచేయి చూసుకున్నాడు. "నాకైతే యాది లేదు. నువ్వు చూసినవా?"

"చూసిన."

"నువ్వు చూసినవంటే నేనే అయ్యుంట." అబూ ఖాలిద్ వైపు తిరిగాడు. "బాబా, మై కియా. మాఫ్ కరో."

నా అబద్ధం అంతే. ఒక్క మాట. చూసిన.

నేను నిజంగా గుర్తు లేక అలా అన్నానేమో, మరక తర్వాత చూశానేమో అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాదు. ముందే చూశాను. వాళ్ళిద్దరూ తలుపు దగ్గరికి పోయాక బ్లేడుతో ఆ మరక గీకేశాను. గీకిన పొడి జేబులో వేసుకున్నాను.

ఎందుకు? ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పోయేది కాదు. వర్క్‌షాపు నన్ను తిరిగి తీసుకునేది. అక్క సంసారం బావ మీద నడుస్తోందని తెలియదా? తెలుసు. మరెందుకు? ముహందిస్ అన్న ఆ ఒక్క పిలుపు కోసం. చదివినవాడు ఈ తప్పు చేయడని నమ్మిన మనిషి ఎదురుగా నిలబడి, చదివినవాడే చేశాడని చెప్పడానికి నోరు రాలేదు. ఇంత చిన్న కారణానికి ఒక మనిషిని ముంచవచ్చా అని మీరు అడిగితే, పెద్ద కారణం ఏదీ నాకూ దొరకలేదు, వెతికాను.

అబూ ఖాలిద్ ఒక పెట్టె మీద కూర్చుండిపోయాడు. కాసేపటికి నా భుజం తట్టి, నువ్వు ముందే చెప్పావు, నీ తప్పేమీ లేదు అన్నాడు. మర్నాడు బావను కంపెనీకి తిప్పి పంపేశాడు. పంపించివేసిన మనిషని కంపెనీ కాంట్రాక్టు పొడిగించలేదు. చలికాలం రాకముందే బావ ఊరికి పోయాడు. పోయే రోజు నా చెయ్యి పట్టుకుని, "నన్ను నమ్మి పనిల వెట్టిస్తే నీ పరువు దీస్తి" అన్నాడు. ఆయన నాకు క్షమాపణ చెప్పాడు. నేను తీసుకున్నాను.

తలుపు బాగుపడింది. అతుకు కోసి విప్పి, కొత్తగా అతికి, బావ చేసిపోయిన ఆ చెక్క బిగింపులతోనే అదిమాను. మేకు ఇప్పుడు పూర్తిగా దిగుతుంది. దాన్ని తలచుకుని నిద్రపోవడానికి చాలాసార్లు ప్రయత్నించాను.

బావ బాగుపడలేదు. విమానం చెడగొట్టి వచ్చాడని ఊళ్ళో "ఇమానం రాజన్న" అని పేరు పెట్టారు. బోరు మోటారు ఆపానో లేదో అని సగం తొవ్వ నుంచి వెనక్కి వస్తాడని అక్క ఫోన్‌లో నవ్వుతూ చెప్పేది. నేనూ నవ్వేవాణ్ణి. తాళం వేశాక మూడునాలుగుసార్లు గుంజి చూస్తాడట. తర్వాత వడ్రంగం మానేశాడు. చెక్క కోసే ముందు ఇంకొకరిని పిలిచి కొలత సరిచూడమని అడుగుతుంటే పని ఎవరిస్తారు? చెక్క మీద ఒక్కసారి పెన్సిలు గీత గీసి కోసే మనిషి ఆయన. ఆయన ఉద్యోగమే పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన చేతి మీద ఆయనకున్న నమ్మకం తీసేశానని రమేష్ ఫోన్ వచ్చేదాకా ఒప్పుకోలేదు.

మీకంటే ముందు ఇది రమేష్‌కు పంపుతున్నాను. బావకు చదివి వినిపించమనీ, డాక్టరుకు కూడా చెప్పమనీ అడిగాను. వింటే బావ ఏమంటాడు? మళ్ళీ నన్నే నమ్మి, నువ్వంటే నిజమే అయ్యుంటది అంటాడేమో. దానికే నాకు ఎక్కువ భయం. అక్క నాతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడమని అడగను. క్షమించమనీ అడగను. అడిగితే వాళ్ళకు ఇంకో పని పెట్టినట్టవుతుంది. ఏసీ ఆపింది నేను. ఈ వాక్యం రాశాక కుర్చీలో వెనక్కి వాలాను. చాలా అలసటగా ఉంది. అంతకుమించి ఏమీ లేదు, కానీ ఈ అలసట ఎనిమిదేళ్ళుగా ఉన్న అలసట కాదు.

సాయం చేసినవాళ్ళ పేర్లు చెప్పి ఆపుతాను. పని నేర్పిన నిమల్‌కు. లైబ్రరీ మూసే వేళ దాటినా నేను పేజీ ముగించేదాకా నిలబడి ఉండే కాపలాదారు ఒమర్‌కు. ఇది చదివి వినిపిస్తే మంచి చెడు ఏమీ అనకుండా "పంపు" అన్న నా రూమ్మేట్ సత్తెన్నకు. నన్ను నమ్మిన అబూ ఖాలిద్‌కు. ఆయనకు జరిగిందంతా వాయిస్ మెసేజ్ పెట్టాను, విన్నాడు, జవాబు రాలేదు. డాక్టరు దగ్గర బావ అన్న మాట నా చెవిన వేసిన రమేష్‌కు.

రాజన్న బావకు. ఆ శుక్రవారం పొద్దున నేను అంచుల వెంట జిగురు పూసినంతసేపూ తలుపును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ఆయన చేతుల్లో ఉన్నంతసేపు అది కాస్త కూడా కదలలేదు.