ఇంట్లో విన్న ట్రంపెట్

మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను నా చెవి దగ్గర పెట్టి కళ్ళు మూసుకుని వినమంది. అందులో ఎవరో ఒకాయన తేలికపాటి ట్రంపెట్లు కొన్ని ముందు పెట్టుకుని, ఒకే పాటను ఒక్కోదాని మీద ఊదుతున్నాడు. పిల్లకు కాలేజీ బ్యాండులో చోటు దొరికిందట, బరువైనది మోయలేదట, వీటిలో ఏది బాగుందో నేను చెబితే అదే కొనుక్కుంటుందట. బ్యాండు మాస్టరు కూతుర్ని కనుక నాకు తెలుస్తుందని దాని నమ్మకం. నేను మాత్రం ఫోను పక్కకు జరిపాను, ఎందుకంటే ఒకప్పుడు ఇలాగే నన్ను నమ్మి మా నాన్న, అదే మా బాపు, కూడా అడిగాడు.

డెబ్బైల్లో వరంగల్‌లో పెళ్ళి ఊరేగింపులు చూసిన మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, బ్యాండులో పాట ఎత్తుకునేది ముందు నిలబడ్డ ఒక్కడే. ఆయన పల్లవి ఊదితే, అది వెనక డ్రమ్ముల దాకా వినబడి, అప్పుడు మిగతావాళ్ళు అందుకునేవారు. మా బ్యాండులో ఆ చోటు బాపుది, పక్కన ఆయన తమ్ముడు, మా చిన్నబాపు. లగ్గాల కాలంలో హసన్‌పర్తి అని, మరిపెడ అని తిరిగి తిరిగి ఇల్లు చేరేసరికి, ట్రంపెట్ ఎత్తి పట్టుకున్న ఆయన ఎడమ భుజం కొయ్యబారిపోయేది. నేను నూనె వెచ్చచేసి రుద్దుతుంటే పళ్ళు బిగబట్టేవాడే గాని మూలిగేవాడు కాదు. దవాఖానలో డాక్టరు ఇక బరువు మోయవద్దన్నాడు. ఊదడం మానేస్తే బతకలేని మనిషి, అందుకని తేలికైన ట్రంపెట్ కొందామనుకున్నాడు.

చౌరస్తాలో దుకాణం సేటు తెలిసినవాడే కాబట్టి, మూడింటిని ఇంటికి తీసుకుపోయి ఊది చూసుకోమన్నాడు. బాపు వాటిని తువ్వాలు మీద వరసగా పెట్టి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. ఇంట్లో సాధన చేసేటప్పుడు స్వరం జారితే పట్టుకునేది నేనే, నా చెవి మీద ఆయనకు మహా గురి. మొదటిది మీరట్‌లో చేసినది, మూడింటిలోకీ బరువైనది. అది పలకగానే బల్ల మీది గిన్నెలన్నీ గల్లుమన్నాయి, నేను రెండు చెవులూ మూసుకున్నాను. రెండోది కాస్త ముక్కుతో మాట్లాడినట్టుంది. మూడోది పలచటి రేకుది, చేతిలోకి తీసుకుంటే గరిటె పట్టుకున్నట్టే ఉంది. ఊపిరి తగిలీ తగలకముందే ఎంత తియ్యగా పలికిందంటే, పెరట్లో బట్టలుతుకుతున్న అమ్మ కూడా చెయ్యి ఆపి విన్నది.

"నువ్వు చెప్పు బిడ్డా, ఏది తీసుకుందాం?" అన్నాడు బాపు.

"ఇదే బాపూ. నీ చెయ్యి గూడ నొయ్యది," అన్నాను.

ఆయన మీరట్‌దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని కాసేపు చూశాడు, నా మాట తీసెయ్యలేక కింద పెట్టేశాడు. బ్యాండువాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళం బ్యాండు వెంట వీధిలో నడవకూడదు, అది మాలో ఆచారం. పుట్టి బుద్ధెరిగాక నేను ఆయన ట్రంపెట్‌ను విన్నది నాలుగు గోడల మధ్యనే. ఆ చెవితో ఊరేగింపు ట్రంపెట్‌ను ఎంచాను. ఆ తర్వాత భుజం ఎట్లా ఉందని అడిగినప్పుడల్లా "మంచిగున్నది బిడ్డా" అనేవాడు, నేను మురిసిపోయేదాన్ని.

ఎనభైల మొదట్లో నా లగ్గమైంది. అప్పగింతలయ్యాక, ఇంకా ఎండ ఉండగానే, మమ్మల్ని జీపు ఎక్కించారు. ముందు మా బ్యాండే నడుస్తోంది. పిల్ల తండ్రివి, ఇవాళొక్కరోజు ఊరుకొమ్మని చుట్టాలంతా అన్నా వినకుండా బాపు కొత్త ధోవతి మీదనే ట్రంపెట్ అందుకున్నాడు. అయితే పాట ఎత్తుకున్నది చిన్నబాపు. బాపు రెండో వరుసలో ఉన్నాడు. ఆయన బుగ్గలు ఉబ్బుతున్నాయి, మెడ నరాలు తేలుతున్నాయి, వేళ్ళు ఆడుతున్నాయి, కానీ డ్రమ్ముల మోతలో ఆయన ఊదేది నాకు ఒక్క ముక్క వినబడలేదు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పుట్టిల్లు విడిచిపోతున్నందుకే అనుకుని మా ఆయన పాపం ఓదార్చాడు.

తర్వాతెప్పుడో చిన్నబాపును నిలదీస్తే చెప్పాడు. పాట వెనకవాళ్ళకు అందక తాళం తప్పుతుంటే, బాపు తనంతట తానే ముందు చోటు వదిలి వెనక్కి జరిగాడట. ఆ తేలికదాన్ని సేటుకిచ్చి మీరట్‌ది తెచ్చుకోమంటే మాత్రం ఒప్పుకోలేదట. "నా బిడ్డ ఏరి పెట్టింది. ఉండనియ్యి," అన్నాడట. ఓపికున్నన్నాళ్ళూ దాన్నే ఊదాడు, రెండో వరుసలోనే. నేను ఆయన ముందు ఆ ఊసే ఎత్తలేకపోయాను, ఇప్పుడు ఎత్తుదామంటే ఆయన లేడు.

ఈ రోజుల్లో ఊరేగింపు ముందు బండి నిండా స్పీకర్లు పెడుతున్నారు, ఎవరి ఊపిరి ఎంత దూరం పోతుందో ఎవరికీ అక్కరలేదు. ఫోనులోనైతే అన్ని ట్రంపెట్లూ చెవి పక్కనే పలుకుతాయి, అన్నీ తియ్యగానే ఉంటాయి. అందుకే మనవరాలికి ఏది కొనాలో చెప్పలేదు. కొనేముందు దుకాణం బయట నిలబడి ఊదమన్నాను, నేను సందు చివరకు పోయి వింటానన్నాను. మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఎందుకు అమ్మమ్మా అని నవ్వింది. ఆనాడు నన్ను వీధిలోకి పంపాలని బాపుకు తోచలేదు, పోతానని అడగాలని నాకూ తోచలేదు. తోచి ఉంటే, ఎంత ఎండలోనైనా, ఊరవతల ధర్మసాగర్ దాకానైనా నడిచిపోయి నిలబడి వినేదాన్ని.